చేర్పించే ముందు చూపించండి: చెన్నైలో పిల్లలకు నాట్యాలను పరిచయం చేసే పద్ధతి

జూన్ వచ్చిందంటే మా పెరంబూరు అపార్ట్‌మెంట్‌లో చిన్నపిల్లల తల్లులు నన్ను లిఫ్టు దగ్గర ఆపి ఒకటే అడుగుతారు: "ఆంటీ, పాపను భరతనాట్యంలో వేయమంటారా, కూచిపూడిలోనా?" యూనిఫాం, బూట్లు, పుస్తకాలు కొనే ఊపులోనే డాన్సు ఫీజు కూడా కట్టేసి ఒక పని అయిపోయిందనిపించుకోవాలని వాళ్ళ తొందర. ఈ ఏడాది ఎందులోనూ వేయవద్దని చెబుతాను. ఏడాదంతా రకరకాల నాట్యాలు చూపించండి, ఇంట్లో ఆడించండి, ఆ తర్వాత పిల్లనే అడగండి. ఇలా అనగానే సగం మంది ముఖం ముడుచుకుని లిఫ్టు ఎక్కేస్తారు. మిగిలిన సగం మంది కోసం ఇది రాస్తున్నాను.

నేను నాట్యం నేర్చుకోలేదు. లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. అమ్మాయీ అల్లుడూ ఉద్యోగాలకు వెళ్తారు కాబట్టి మనవరాలినీ మనవడినీ వెంటబెట్టుకుని ఊరంతా తిప్పే పని నా మీద పడింది. అలా తిరుగుతూ చూసినవీ, టీచర్లను విసిగించి తెలుసుకున్నవీ ఇవి.

ముందు చెవి, తర్వాత కాళ్ళు

నాలుగైదేళ్ళ పిల్లలకు ముద్రల పేర్లు బట్టీ పట్టించాలని చూడకండి. వాళ్ళకు ముందు రావలసింది లయ. దానికి క్లాసు అక్కర్లేదు, మేడ మీద ఖాళీ చోటు ఉంటే చాలు. మన సంగీతంలో ఐదు జాతుల నడకలున్నాయి. తిస్రం 3: తకిట. చతురస్రం 4: తకధిమి. ఖండం 5: తకతకిట. మిశ్రం 7: తకిట తకధిమి. సంకీర్ణం 9: తకధిమి తకతకిట. వీటిని పైకి అంటూ అక్షరానికి ఒక అడుగు చొప్పున నడవాలి. మొదటి అక్షరానికి మాత్రం కాలు కొంచెం గట్టిగా వేయాలి. ఆట ఇంతే.

తకధిమితో మొదలుపెట్టండి. కుడికాలితో బయలుదేరితే గట్టి అడుగు ప్రతిసారీ కుడికాలిదే అవుతుంది, పిల్లలు హాయిగా నడిచేస్తారు. తకిటకు మార్చగానే గందరగోళం మొదలవుతుంది. ఈసారి గట్టి అడుగు కుడికాలికి వస్తే, తర్వాతది ఎడమకాలికి వెళ్తుంది. మా మనవడు సరిగ్గా ఇక్కడ ఆగి, తన పాదాల వైపు అనుమానంగా చూసుకుని, వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదటి నుంచి నడిచాడు. కాసేపటికి, "అమ్మమ్మా, మూడుకీ అయిదుకీ ఏడుకీ కాలు మారుతోంది, నాలుగుకి మారటం లేదు" అన్నాడు. సరి సంఖ్యలు, బేసి సంఖ్యలు వాడికి స్కూల్లో ఇంకా చెప్పలేదు. నేనూ చెప్పలేదు, తొమ్మిదితో ఏమవుతుందో చూడమన్నాను.

ఈ ఆట ఒకసారి వంటబట్టాక ఏ నాట్యం చూపించినా పిల్లలకు పట్టుకోవడానికి ఒక కొస దొరుకుతుంది. భరతనాట్య ప్రదర్శనలో మొదట వచ్చే అలరిప్పు తరచుగా తిస్రంలోనే ఉంటుంది. పాశ్చాత్యుల వాల్ట్జ్ కూడా మూడు లెక్కలదే, వాయిద్యాలు వేరైనా చెవికి అది తకిటే. సినిమా డాన్సు మాస్టర్లు ఒకటి నుంచి ఎనిమిది దాకా లెక్కపెట్టేది రెండు తకధిమిలు. ఇవన్నీ మీరు విడమరిచి చెప్పవద్దు. పాట వినిపించి, చప్పట్లు కొట్టమని, ఇది ఏ నడకో కనుక్కోమనండి.

మొదటి నాట్యం కోలాటం

చూడటం మొదలుపెట్టక ముందే పిల్లలు ఒక నాట్యం చేసి ఉండాలి. అందుకు కోలాటాన్ని మించినది నాకు కనిపించలేదు. తెలుగువాళ్ళకూ తమిళులకూ ఉమ్మడి ఆస్తి. ఒక్కరే చేసేది కాదు కాబట్టి సిగ్గరి పిల్లలకు దాక్కోవడానికి చోటుంటుంది. తప్పు చేస్తే కర్రకు కర్ర తగలదు, ఆ సంగతి పెద్దవాళ్ళు చెప్పే పని లేకుండానే తెలిసిపోతుంది.

మూర కంటే కొంచెం పొట్టిగా ఉండే కర్రలు పిల్లకు రెండు చొప్పున కావాలి. నవరాత్రుల్లో మైలాపూరు ఉత్తర మాడవీధిలో కొలువు బొమ్మలు అమ్మేచోట చూడండి. లేదా వడ్రంగి దగ్గర కోయించి కొసలు గరుకు కాగితంతో రుద్దండి. నాలుగు లెక్కల వరుస నేర్పితే చాలు: ఒంగి తన కర్రలు కింద ఒకసారి కొట్టుకోవాలి, నిలబడి పైన ఒకసారి, తర్వాత ఎదుటివాళ్ళ కుడి కర్రతో, ఆ తర్వాత ఎడమ కర్రతో. కర్రలు రొమ్ము ఎత్తులోనే తగలాలి, ముఖం దాకా లేవకూడదు. ఇది కుదిరాక ఎనిమిది మందిని పోగుచేసి, లోపల నలుగురు, బయట నలుగురు రెండు వలయాలుగా నిలబెట్టండి. నాలుగు లెక్కలు పూర్తికాగానే బయటివాళ్ళు ఒక చోటు కుడివైపు జరిగితే, ప్రతి ఒక్కరికీ కొత్త జోడీ వస్తుంది. నాలుగుసార్లు జరిగాక మొదటి జోడీ తిరిగి ఎదురవుతుంది, అప్పుడు వాళ్ళు పెట్టే కేకలు కింది అంతస్తుకు వినబడతాయి.

ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలైతే జడకోలాటం చూపించండి. పైనుంచి వేలాడే తాళ్ళను ఒక్కొక్కరు ఒక్కొక్కటి పట్టుకుని, ఒకరి పక్కగా ఒకరు దాటుకుంటూ ఆడుతుంటే తాళ్ళన్నీ జడలా అల్లుకుపోతాయి. విప్పడానికి అదే వరుసలో వెనక్కి ఆడాలి. ఒక్కరు దారి తప్పినా ముడి పడుతుంది. తమిళులు దీన్ని పిన్నల్ కోలాట్టం అంటారు.

తెలంగాణ వైపు చుట్టాలుంటే బతుకమ్మ రోజుల్లో పిల్లల్ని అక్కడికి పంపండి. సంక్రాంతికి గొబ్బెమ్మల చుట్టూ తిరగడం ఎలాగూ ఉంది. సెలవుల్లో అరకు వెళ్ళేవాళ్ళు థింసా చూడకుండా రావద్దు. ఒకరి వీపు వెనక ఒకరు చేతులు పెనవేసుకుని, పాములా మెలికలు తిరిగే ఆ వరుసలో పిల్లల్ని కూడా కలుపుకుంటారు.

ఏ నెలలో ఏమి చూపించాలి

చెన్నైలో ఉన్నందుకు మనకు దక్కిన అదృష్టం ధనుర్మాసం. డిసెంబరు మధ్య నుంచి జనవరి మధ్య దాకా త్యాగరాయనగర్, మైలాపూరు, ఆళ్వార్‌పేట సభలన్నీ, అంటే కచేరీలు, నాట్యాలు పెట్టే హాళ్ళన్నీ, కిటకిటలాడతాయి. సంగీతం సందడి ఎక్కువ, కానీ నాట్యమూ తక్కువేమీ కాదు. మ్యూజిక్ అకాడమీ నాట్యోత్సవం జనవరి మొదటి వారంలో ఉంటుంది. పగటిపూట యువకళాకారుల ప్రదర్శనలకు చాలాచోట్ల టిక్కెట్టు ఉండదు. పిల్లలతో వెళ్ళేవాళ్ళకు నిజానికి అవే మేలు. హాలు సగం ఖాళీగా ఉంటుంది, ముందు వరుసలో కూర్చోవచ్చు, మధ్యలో లేచి వచ్చేసినా ఎవరూ గుర్రుగా చూడరు.

పిల్లల్ని పూర్తి ప్రదర్శనకు కూర్చోబెట్టకండి. భరతనాట్య ప్రదర్శనకు ఒక క్రమం ఉంది: అలరిప్పు, జతిస్వరం, శబ్దం, వర్ణం, పదం, తిల్లానా. పందొమ్మిదో శతాబ్దంలో తంజావూరు సోదరులు నలుగురు, చిన్నయ్య, పొన్నయ్య, శివానందం, వడివేలు, స్థిరపరచిన క్రమం ఇది. ఇందులో వర్ణం ఒక్కటే అరగంట దాటుతుంది. ఐదారేళ్ళ పిల్లను వర్ణానికి కూర్చోబెడితే ఆ పిల్ల మళ్ళీ సభ గుమ్మం తొక్కదు. కాబట్టి రెండే దారులు. మొదటి మూడు అంశాలు చూసి వర్ణం మొదలవగానే క్యాంటీన్‌కు వెళ్ళిపోవడం, లేదా వర్ణం అయ్యాక లోపలికి వెళ్ళి పదం, తిల్లానా చూడటం. ధనుర్మాసంలో సభ క్యాంటీన్లు కూడా చూడదగ్గవే, దానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు. కూచిపూడి అయితే తరంగం ఎప్పుడు వస్తుందో ముందే కనుక్కోండి. ఇత్తడి పళ్ళెం అంచుల మీద పాదాలు పెట్టి, పళ్ళెంతో సహా కదులుతూ ఆడే ఆ అంశానికి నోరు తెరవని పిల్లలు లేరు.

కూర్చోవడానికి వాద్యబృందం ఉన్న వైపు మంచిది. నట్టువాంగం చేసేవాళ్ళ, అంటే తాళం వేస్తూ నాట్యాన్ని నడిపించేవాళ్ళ, చేతిలో తాళాలు, మృదంగం మీద వేళ్ళు కనబడతాయి. నర్తకి కాలికీ ఆ తాళానికీ ఉన్న ముడి దగ్గరి నుంచి తెలుస్తుంది. గలగలమనే చిప్స్ పొట్లాలు మాత్రం తీసుకువెళ్ళకండి.

ఇంకో సంగతి. తెలుగు పిల్లలకు ఈ ఊళ్ళో ఒక అనుకూలం ఉంది, దాన్ని వాడుకోని తల్లిదండ్రులను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. భరతనాట్య వేదిక మీద పాడే వర్ణాలు, పదాలు, జావళీల్లో ఎన్నో తెలుగువి. పదిహేడో శతాబ్దపు క్షేత్రయ్య కృష్ణా జిల్లా మొవ్వవాడు. కూచిపూడి గ్రామం అక్కడికి దగ్గరే. ఆయన పదాలను తమిళ పిల్లలు అర్థం అడిగి తెలుసుకుని, నోటికి పట్టి అభినయిస్తున్నారు. మన పిల్లలు వింటూనే అర్థం చేసుకోగలరు, మనం ఇంట్లో తెలుగు మాట్లాడుతుంటే. ఒక పదంలో నాయిక కృష్ణుణ్ణి గుమ్మంలోనే నిలబెట్టి నిలదీస్తోంది. మా మనవరాలు హాలంతా వినిపించేటట్టు, "పాపం, ఎందుకు లోపలికి రానివ్వటం లేదు?" అని అడిగింది. ముందు వరుసలోని తమిళ మామి వెనక్కి తిరిగి నవ్వి, అసలేమయిందో చెప్పమని దాన్నే అడిగారు. శృంగార పదాలు పిల్లలకెందుకని కొందరు అంటారు. మాట ఇచ్చి ఆలస్యంగా వచ్చాడు, ఈవిడకు కోపం వచ్చింది అని చెప్పండి. ఆరేళ్ళ పిల్లకు అంత చాలు, అబద్ధం కూడా కాదు.

పొంగల్ రోజుల్లో వేరే లోకం. చెన్నై సంగమం పేరుతో పార్కుల్లో, మైదానాల్లో జానపద కళాకారులు ఆడతారు, టిక్కెట్టు లేదు. తల మీద కుండతో కరగాట్టం, నడుముకు గుర్రపు బొమ్మ కట్టుకుని ఆడే పొయ్‌క్కాల్ కుదిరై, చేతిరుమాళ్ళు ఊపుతూ వరుసగా ఆడే ఒయిలాట్టం అన్నీ ఒకే సాయంత్రం చూడవచ్చు. వీలైతే గంట ముందే వెళ్ళండి. పరై అనే తోలు వాయిద్యం వాయించేవాళ్ళు గడ్డి మంట వేసి, దాని సెగకు తోలు బిగిసేదాకా వాయిద్యాలు కాచుకోవడం చూడవచ్చు. కాచిన పరైని వేలితో మీటి చెవి దగ్గర పెట్టుకుని, చాలలేదనుకుంటే మళ్ళీ సెగకు పడతారు. మన డప్పును కూడా అలాగే కాస్తారు. పరై మోగిందంటే పిల్లలకు ఎవరూ అడుగులు నేర్పే పని లేదు. ఒకప్పుడు చావు మోత అని, ఫలానా కులంవాళ్ళదని ఈ వాయిద్యాన్ని దూరం పెట్టారనే సంగతి పదేళ్ళ పిల్లలకు చెప్పాలి, దాచకూడదు. అలాగే, భరతనాట్యాన్ని తరతరాలుగా కాపాడినవాళ్ళు దేవదాసీ కుటుంబాల స్త్రీలూ వాళ్ళ నట్టువనార్లూ (నాట్య గురువులూ) అని కూడా. అలాంటి కుటుంబంలోనే పుట్టిన నర్తకి, వీణ ధనమ్మాళ్ మనవరాలు బాలసరస్వతి ఈ చెన్నైలోనే పెరిగి, 1973లో మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు పొందారని చెబితే పిల్లలకు కథలో ఒక మనిషి కనిపిస్తుంది.

దూరం వెళ్ళగలిగినవాళ్ళు శివరాత్రికి చిదంబరం నాట్యాంజలికి వెళ్ళవచ్చు. 1981 నుంచి జరుగుతోంది. ఉత్సవానికి కుదరకపోయినా గుడికి వెళ్ళండి. గోపుర ద్వారాల్లో 108 కరణాల (నాట్య భంగిమల) శిల్పాలున్నాయి. ఒక్కో శిల్పం ముందు నిలబడి అదే భంగిమ పట్టగలరేమో చూడమంటే పిల్లలు ఎండను కూడా మరచిపోతారు. సగానికి పైగా మనిషి చేయగలిగినవేనా అని నాకు ఇప్పటికీ అనుమానమే.

పదేళ్ళు దాటిన పిల్లలుంటే మే నెలలో నరసింహ జయంతి సమయానికి తంజావూరు జిల్లా మెలట్టూరు. తమిళ దేశం నడిబొడ్డున ఉన్న ఆ ఊళ్ళో భాగవతమేళ నాటకాలను రాత్రంతా తెలుగులో ఆడతారు. ఆడవేషాలు కూడా మగవాళ్ళవే. ప్రహ్లాద చరిత్రలో స్తంభం నుంచి నరసింహుడు వచ్చేసరికి తెల్లవారవస్తుంది. పిల్లల్ని ముందు నిద్రపుచ్చి ఆ వేళకు లేపండి.

గీతల నోటుపుస్తకం

ఇంతవరకు చెప్పినవి మన చుట్టుపక్కల దొరికేవి. సంగీత నాటక అకాడమీ గుర్తించిన శాస్త్రీయ నాట్యాలు ఎనిమిది: భరతనాట్యం, కూచిపూడి, కథక్, కథకళి, మోహినియాట్టం, ఒడిస్సీ, మణిపురి, సత్రియ. తిరువాన్మియూరులోని కళాక్షేత్ర ఉత్సవాల్లో, పెద్ద సభల్లో బయటి రాష్ట్రాల నాట్యాలు కూడా అప్పుడప్పుడు వస్తాయి. దొరకనివాటికి ఫోను తప్పదు. ఒక్క షరతు: పాదాల నుంచి తల దాకా మనిషి మొత్తం కనిపించే వీడియోనే పెట్టండి. ముఖాన్ని, చేతులను ముక్కలు ముక్కలుగా చూపించే వీడియో నుంచి పిల్లలకు ఏ నాట్యమూ తెలియదు.

ఎనిమిది పేర్లూ వాటి రాష్ట్రాలూ వల్లె వేయించడం స్కూలు క్విజ్‌కు పనికొస్తుందేమో కానీ, నాట్యానికి పనికిరాదు. నేను చేయించేది వేరు. ప్రతి నాట్యం చూశాక నోటుపుస్తకంలో ఆ నర్తకి నిలబడిన తీరును నాలుగైదు గీతల్లో గీయాలి. ముఖం, నగలు అక్కర్లేదు, ఎముకలు చాలు. భరతనాట్యంలో సగం కూర్చున్నట్టు నిలబడే అరమండి గీస్తే మోకాళ్ళు రెండు పక్కలకూ తెరుచుకుని, మడమలు దగ్గరగా, నడుము కింద ఒక వజ్రం ఆకారం వస్తుంది. చేతులు చాపితే పైన త్రికోణం. అన్నీ సరళరేఖలు. ఒడిస్సీలో 'చౌక' అనే భంగిమ చదరంగా ఉంటుంది, 'త్రిభంగి' అనే భంగిమ గీయబోతే మెడ, నడుము, మోకాలు మూడుచోట్లా గీత వంగుతుంది. కథక్ నర్తకి నిటారు గీత, ఆ గీత తన చుట్టూ తాను తిరుగుతూ ఉంటుంది. మోహినియాట్టంలో నడుము పైభాగం ఊగుతూ గీసే వంపులు. మణిపురి రాసలీలలో కాళ్ళే కనబడవు, బిరుసైన గుండ్రటి లంగా ఒక పీపాలా కదులుతుంది. మా చిన్నవాడు దానికి చక్రాలు గీశాడు.

కూచిపూడి దగ్గర గీతతో పని జరగదు. అరమండి భరతనాట్యం లాంటిదే అనిపిస్తుంది, కానీ అడుగులో ఒక తూగు, ఎగురు ఉంటాయి, అది కాగితం మీదికి రాదు. పైగా నర్తకి మాట్లాడుతుంది. భామాకలాపంలో సత్యభామ తన గొప్పలు తానే చెప్పుకుంటూ వేదిక మీదికి వస్తుంది. వాగుడుకాయ పిల్లలకు ఇది బాగా నచ్చుతుందని నా అనుభవం. మా మనవరాలు అలాంటిదే.

వీటన్నిటినీ పోల్చడానికి ఒకే కథను వెతకండి. వెన్నదొంగ కృష్ణుడు దాదాపు అన్నిచోట్లా ఉంటాడు. భరతనాట్యంలో ఉట్టి ఎలా అందుకున్నాడు, కథక్‌లో కుండ ఎలా పగిలింది, ఒడిస్సీలో వేణువు ఎలా పట్టుకున్నాడు? మొదటిసారి ధ్వని తీసేసి చూపించి, ఏమి జరిగిందో చెప్పమనండి. రెండోసారి కళ్ళు మూసుకుని వినమనండి. మూడోసారి మామూలుగా. ఒక ఆదివారానికి ఒక నాట్యం చాలు.

సినిమా పాటలు, హిప్ హాప్, మగపిల్లలు

సినిమా డాన్సును ఈసడించే పెద్దవాళ్ళతో నాకు పేచీ ఉంది. 1963లో ఈ ఊళ్ళో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించిన వెంపటి చినసత్యం గారు కూడా మద్రాసు వచ్చిన కొత్తలో సినిమాల్లోనే పనిచేశారు. ఎనిమిది లెక్కలకు పదిమంది ఒకేసారి తిరగడం, వరుసలు మారడం తేలికైన పనేమీ కాదు. నా అభ్యంతరమల్లా ఐదేళ్ళ పిల్లల చేత పెద్దవాళ్ళ వగలు చేయించి చప్పట్లు కొట్టడం గురించి. పాట పిల్లలకు తగినదైతే ఆడనివ్వండి.

హిప్ హాప్ 1970లలో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ వీధుల్లో పుట్టింది. అందులోని బ్రేకింగ్‌ను 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పోటీగా పెట్టారు. మా మనవడికి ఆ ఒక్క మాటతో నాట్యం మీద గౌరవం పెరిగింది. అరచేతుల మీద, తల మీద బరువు మోపే విన్యాసాలు పరుపు, టీచరు లేకుండా చేయనివ్వకండి. బ్యాలే నేర్పేవాళ్ళూ ఊళ్ళో ఉన్నారు. వేళ్ళ కొసల మీద నిలబడే బూట్లను పదకొండు, పన్నెండేళ్ళ లోపు తొడిగిస్తామంటే మాత్రం అక్కడి నుంచి వచ్చేయండి, పాదాల ఎముకలు అప్పటికి గట్టిపడి ఉండవు.

మగపిల్లాడికి డాన్సేమిటని తాతలు గొణిగితే, కూచిపూడి భాగవతులు సంప్రదాయంగా అందరూ మగవాళ్ళేనని గుర్తు చేయండి. వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామ వేషం కట్టి జడ విసిరితే ఆడవాళ్ళే అసూయపడేవారట. ఒడిస్సీకి ఈనాటి రూపమిచ్చిన కేలూచరణ్ మహాపాత్ర చిన్నప్పుడు ఆడవేషం కట్టే గోటిపువా బాలుడు.

టీచరును ఎంచుకోవడం

ఏడాది గడిచాక పిల్ల "నాకు ఇది కావాలి" అంటుంది. అప్పుడు నాట్యం కంటే టీచరు ముఖ్యం, టీచరుతోబాటు దూరమూ ముఖ్యం. పెరంబూరు నుంచి బీసెంట్ నగర్ వెళ్ళే 29సి బస్సులో సాయంత్రం స్కూలు అయ్యాక ఆరేళ్ళ పిల్లను మైలాపూరు దాకా వారానికి రెండుసార్లు తీసుకెళ్ళాలంటే, పిల్ల క్లాసుకు చేరేలోపే నిద్రపోతుంది. ఎక్కడో ఉన్న పెద్ద పేరు కంటే పది నిమిషాల నడకలో ఉన్న శ్రద్ధగల టీచరు మేలు. కథక్ కావాలంటే చెన్నైలో కొంచెం వెతకాలి. కూచిపూడికీ భరతనాట్యానికీ ఆ బాధ లేదు. ఫీజు భారమనుకునేవాళ్ళు తమిళనాడు ప్రభుత్వ జవహర్ సిరువర్ మండ్రం గురించి కనుక్కోండి, అక్కడ పిల్లలకు కళలు తక్కువ ఖర్చుతో నేర్పుతారు.

చేర్చే ముందు ఒక క్లాసు మొత్తం ఒక మూల కూర్చుని చూస్తానని అడగండి. వద్దంటే కారణం అడగండి. ముందు నేల చూడండి: నున్నటి గ్రానైటో, టైల్సో అయితే రోజూ కాళ్ళు తట్టే పిల్లల మడమలకు, మోకాళ్ళకు కష్టం. చెక్క నేల ఉత్తమం, మామూలు గచ్చు పరవాలేదు. తర్వాత టీచరు చూపు ఎక్కడుందో గమనించండి. కర్రతో పలక మీద తాళం వేస్తూ, "తెయ్యా తెయ్" అంటూనే ఆ కళ్ళు పిల్లల మోకాళ్ళ మీద ఉండాలి. అరమండిలో మోకాలు పాదం వేళ్ళు చూసే వైపే చూడాలి, తెరుచుకోవడం తుంటి దగ్గర నుంచి రావాలి. పాదాలు మాత్రం పక్కకు తిప్పి మోకాళ్ళు ముందుకు వదిలేసిన పిల్లలను టీచరు సరిదిద్దకపోతే ఆ క్లాసు వద్దు. మేము చూసిన ఒకచోట ముప్పైమంది పిల్లలను అద్దాల గదిలో నిలబెట్టి, పెద్ద ధ్వనితో పాట పెట్టి, టీచరు ఫోను చూసుకుంటున్నారు. చెప్పులు వేసుకుని తిరిగి వచ్చేశాం.

డబ్బు సంగతి మొదటి రోజే తేల్చుకోండి. నెల ఫీజు కాకుండా వార్షికోత్సవం దుస్తులకు, మేకప్‌కు ఎంత, సభలో ప్రదర్శనకు ఎంత అని ముఖం మీదే అడగండి. రెండేళ్ళలో అరంగేట్రం చేయిస్తామని ఆశపెట్టేవాళ్ళ జోలికి వెళ్ళకండి. ఆరేడేళ్ళ సాధన లేనిదే అది కుదిరే పని కాదు. హాలు, వాద్యబృందం, నగలు, ఫొటోలు, భోజనాలు కలిసి ఖర్చు లక్షల్లోకి పోతుంది. అరంగేట్రం చేయకుండా కూడా మంచి నర్తకి కావచ్చు.

విజయదశమి నాడు చేర్చడం ఈ ఊరి ఆనవాయితీ. తాంబూలం పళ్ళెంలో కొబ్బరికాయ, పళ్ళు, తమలపాకులు, దక్షిణ పెట్టి పిల్ల చేతనే ఇప్పించండి. గజ్జెలు అప్పుడే కొనకండి, ఎప్పుడు కట్టాలో గురువుగారే చెబుతారు. రెండు శాస్త్రీయ నాట్యాలు ఒకేసారి మొదలుపెట్టించవద్దు. యామినీ కృష్ణమూర్తి భరతనాట్యంలోనూ కూచిపూడిలోనూ రాణించారు కదా అంటారు, నిజమే. అందరూ ఆమె కారు. ఒకదానిలో అడుగులు గట్టిపడకముందే రెండోది మొదలుపెడితే ఇద్దరు టీచర్లూ ఒకే పిల్లను వేర్వేరుగా దిద్దుతూ ఉంటారు.

ఇంట్లో రోజూ పదిహేను నిమిషాలు సాధన, అన్నం తినకముందు. మోకాలు, మడమ నొప్పి రెండు మూడు రోజుల్లో తగ్గకపోతే డాక్టరుకు చూపించండి, "సాధనలో అలాగే ఉంటుంది" అనే మాట వినకండి.

మానేస్తానంటే? కోపంలో అన్న రోజే మాన్పించవద్దు. మొదలుపెట్టిన 'అడవు'ల (మొదట నేర్పే అడుగుల) వరుస మూడు వేగాల్లోనూ పూర్తయ్యేదాకా ఉంచండి, అప్పుడు మళ్ళీ అడగండి. అప్పటికీ అదే మాట అయితే టీచరుకు మర్యాదగా చెప్పి మాన్పించేయండి. మా మనవరాలు కూచిపూడిలో కుదురుకుంది. చిన్నవాడు భరతనాట్యం ఒక వరుస పూర్తిచేసి, ఇక చాలన్నాడు. ఇప్పుడు వాడికి పరై కావాలట. నేర్పేవాళ్ళు ఒకరు దొరికారు, ఆదివారాలు మేడ మీదే చెబుతామన్నారు. అపార్ట్‌మెంట్ సంఘం సెక్రటరీగారి అనుమతి కోసం అర్జీ రాస్తున్నాను.